బండికి అదనపు లైట్లు: హై బీమ్‌తో వెలగాలి, హై బీమ్‌తోనే ఆరాలి

పోయిన నెల ఘన జీవామృతం వీడియో పెట్టినప్పుడు వెనకాల మా పికప్ బండి నిలబడి వుంది. పేడ ఎంత, బెల్లం ఎంత అని అడిగినవాళ్ళకన్నా "అన్నా, ఆ ముందర బంపరు మీద లైట్లు ఎట్లా కలిపినావు, మాకు కూడా చెప్పు" అని ఫోన్ చేసినవాళ్ళే ఎక్కువ. సరే, ఈసారి పంట సంగతి పక్కన పెట్టి ఆ సంగతే చెబుతాను. పని చేస్తూ తీసిన వీడియో పైన వుంది. అందులో చేతులు కనబడతాయి గాని ఎందుకు అట్లా చేయాలో చెప్పడానికి టైం చాలలేదు. ఆ ఎందుకు అనేది ఇక్కడ రాస్తున్నా.

మాది మదనపల్లె పక్క పల్లె. టమాటా సాయంత్రం కోసి, క్రేట్లకు ఎత్తి, రాత్రి రెండింటికో మూడింటికో బయలుదేరితేనే తెల్లారేసరికి మండీలో దింపగలం. చేను నుంచి తారు రోడ్డుకు మూడు కిలోమీటర్ల మట్టి బాట. అక్కడి నుంచి అంగళ్ళు మీదుగా పెద్ద రోడ్డు. మట్టి బాటలో గుంతలు, అడవి పందులు, కట్టు తెంచుకొచ్చిన ఎనుములు. కంపెనీ ఇచ్చిన హెడ్‌లైట్లు చాలవు అనిపించింది. 2019లో రెండు 55 వాట్ల హాలోజన్ లైట్లు కొని పెట్టించుకున్నా.

అప్పుడు ఎట్లా కలిపించానో ముందు చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇప్పటికీ అట్లాగే కలుపుతున్నారు. బ్యాటరీ నుంచి ఒక వైరు, డ్యాష్‌బోర్డు కింద ఒక స్విచ్, అక్కడి నుంచి లైట్లకు. అంతే. ఫ్యూజు లేదు, రిలే లేదు. హెడ్‌లైట్లకూ వీటికీ ఏ సంబంధమూ లేదు. కావాలంటే వేసుకో, వద్దంటే తీసేయ్. వినడానికి బాగానే వుంటుంది.

ఒక రాత్రి అంగళ్ళు దాటినాక ఎదురుగా ఒక టూవీలర్ వస్తోంది. నేను అలవాటు ప్రకారం స్టీరింగ్ పక్క కాడ లాగి హెడ్‌లైట్లు డిమ్ చేశా. డిమ్ చేశాను కదా అనుకున్నా. బంపరు మీది రెండూ మాత్రం అట్లాగే మండుతున్నాయి. వాటి స్విచ్ కాలి దగ్గర, చీకట్లో. నా చెయ్యి దాన్ని వెతుక్కునేలోపే ఆ బండి రోడ్డు దిగిపోయింది. పక్క పల్లె ఆయన, పాల క్యాన్లు కట్టుకుని వస్తున్నాడు. తుమ్మ కంపలో పడ్డాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆ రాత్రి టమాటా మండీకి పోలేదు, ఆయన్ని ఎక్కించుకుని ఆసుపత్రికి పోయా. ఆరు వారాలు ఆయన పాలు పితకలేదు, ఇంట్లో ఆడవాళ్ళే చేసుకున్నారు. "నువ్వు డిమ్ కొట్టలేదు కదప్పా" అని ఒక్క మాట అన్నాడు. నేను కొట్టాను అని చెప్పడానికి నోరు రాలేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కళ్ళలో లైటు పడినవాడికి మళ్ళీ రోడ్డు కనబడటానికి మూడు సెకన్లు పట్టినా చాలు, 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. నేను స్విచ్ వెతుక్కుంది కూడా అన్ని సెకన్లే.

ఒకే కాడ, ఒకే కదలిక

అందుకే ఈ లైట్లకు మొదటి నియమం ఇది: హై బీమ్ వెలిగితేనే అవి వెలగాలి. మీరు డిమ్ చేసిన క్షణంలో, వేరే స్విచ్ ముట్టకుండా, అవి కూడా ఆరిపోవాలి. గుర్తుపెట్టుకుని ఆర్పాల్సిన లైటు రాత్రి మూడింటికి నిద్ర మత్తులో గుర్తుకు రాదు.

మరి హై బీమ్ వైరుకే నేరుగా ఈ లైట్లు కలిపేస్తే పోలా అంటారు. పోదు. మా బండి హెడ్‌లైటు బల్బు హెచ్4 రకం, హై బీమ్ 60 వాట్లు. రెండు వైపులా కలిపి 120 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు. కంపెనీవాళ్ళు ఆ వైరు, ఆ స్విచ్, ఆ ఫ్యూజు దానికి తగ్గట్టే పెట్టారు. ఇంకో 110 వాట్లు తగిలిస్తే మరో 9 ఆంపియర్లు. ఫ్యూజు పోతే అదృష్టం. ఫ్యూజు పోయిందని కొందరు పెద్ద ఫ్యూజు వేస్తారు, ఇంకొందరు సిగరెట్టు కాగితం చుట్టి పెడతారు. అప్పుడు కాలేది స్విచ్, లేకపోతే వైరు. క్రేట్ల నిండా సరుకుతో నడిరోడ్డు మీద హెడ్‌లైట్లు మొత్తం ఆరిపోవడం ఎట్లా వుంటుందో ఊహించుకోండి.

ఇక్కడ రిలే కావాలి. రిలే అంటే భయపడాల్సింది ఏమీ లేదు, మన బోరు మోటారు స్టార్టరే. స్టార్టరులో పచ్చ బటన్ నొక్కితే ఏమవుతుంది? ఆ బటన్ గుండా మోటారు కరెంటు పోదు. చిన్న కరెంటు ఒక కాయిల్‌కు పోతుంది, కాయిల్ టక్కున లాగుతుంది, పెద్ద కాంటాక్టులు కలుస్తాయి, మోటారుకు లైన్ నుంచి నేరుగా కరెంటు అందుతుంది. రిలే కూడా అంతే, అగ్గిపెట్టె సైజులో. హై బీమ్ వైరు పచ్చ బటన్ లాంటిది. అది కాయిల్‌ను లాగడానికే, దానికి కావాల్సింది ఆంపియరులో ఐదో వంతు కూడా వుండదు. లైట్లకు కరెంటు మాత్రం బ్యాటరీ నుంచి వేరే మందపాటి వైరులో వస్తుంది.

రిలే కింద నాలుగు కాళ్ళు వుంటాయి, నంబర్లు రాసి వుంటాయి: 30, 87, 85, 86. 30కి బ్యాటరీ ప్లస్, మధ్యలో ఫ్యూజుతో. 87 నుంచి లైట్లకు. 85, 86 కాయిల్ కాళ్ళు. అంగట్లో ఐదు కాళ్ళ రిలే ఇస్తే జాగ్రత్త. ఐదోది 87ఏ. అది రిలే లాగనప్పుడు కలిసి వుండే కాలు. లైటు వైరు పొరపాటున దానికి తగిలిస్తే డిమ్‌లో వెలిగి హై బీమ్‌లో ఆరిపోతుంది, బండి ఆపేసినా మండుతూనే వుంటుంది. నాలుగు కాళ్ళదే అడగండి, ఆ గొడవే వుండదు.

హై బీమ్ వైరు ఏదో కనుక్కోవడం

నాకు ఎక్కువ తల నొప్పి తెచ్చింది ఇదే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతా. హెచ్4 సాకెట్‌కు మూడు వైర్లు. ఒకటి డిమ్‌ది, ఒకటి హై బీమ్‌ది, మూడోది రెండింటికీ ఉమ్మడి. ఆ ఉమ్మడి వైరు ఎర్త్ అని అందరూ చెబుతారు. చాలా బండ్లలో అంతే. కానీ కొన్ని బండ్లలో తిరగేసి వుంటుంది: ఉమ్మడి వైరుకు ప్లస్ వస్తుంది, స్విచ్ ఎర్త్ వైపున వుంటుంది. అట్లాంటి బండిలో 85ను బాడీకి కలిపి, 86ను హై బీమ్ వైరుకు కలిపితే అంతా తలకిందులు. డిమ్‌లో కూడా, బల్బు ఫిలమెంటు గుండా ఆ వైరుకు ప్లస్ వచ్చేసి రిలే లాగేస్తుంది.

నాకు ఈ పని నేర్పిన మదనపల్లె ఆటో ఎలక్ట్రీషియన్ పెద్దాయన దీనికి ఒక సులువు చెప్పాడు. కాయిల్ రెండు కాళ్ళలో ఒకటి హై బీమ్ వైరుకు, రెండోది బాడీకి కాకుండా అదే సాకెట్‌లోని ఉమ్మడి వైరుకు కలిపేయమన్నాడు. అంటే హై బీమ్ ఫిలమెంటుకు ఏ రెండు వైర్ల మధ్య కరెంటు అందుతుందో, కాయిల్‌కూ ఆ రెండింటి మధ్యే. ఇక ఉమ్మడి వైరు ప్లస్ అయినా ఎర్త్ అయినా మనకు పట్టింపు లేదు. ఫిలమెంటు వెలిగితే రిలే లాగుతుంది, ఆరితే వదులుతుంది. నేను ఇంతవరకూ కలిపిన మూడు బండ్లలో ఒకటి తిరగేసిన రకమే, దాంట్లో కూడా ఒక్క దెబ్బకు పనిచేసింది. ఒక్క సంగతి: రిలే పైన బొమ్మలో డయోడ్ గుర్తు వుంటే మాత్రం దానికి ప్లస్, మైనస్ తేడా వుంటుంది, 86కే ప్లస్ రావాలి. డయోడ్ లేనిది తీసుకోండి.

మూడింట్లో ఏది ఏదో తెలుసుకోవడానికి మల్టీమీటరు కన్నా టెస్ట్ ల్యాంపు మేలు. పాత బ్రేక్ లైటు బల్బు, 21 వాట్లది, దానికి రెండు వైర్లు కట్టుకుంటే చాలు. రెండు వైపుల హెడ్‌లైటు సాకెట్లూ బల్బుల నుంచి ఊడదీయండి. రెండూ. నేను మొదటిసారి ఎడమ వైపుది మాత్రమే ఊడదీసి చూశా. కుడి వైపు బల్బు ఫిలమెంటుల గుండా కరెంటు తిరిగి వచ్చి, ఏ రెండు వైర్లు పట్టుకున్నా ఏదో ఒకటి చూపించింది. ఒక పూటంతా పోయింది. డ్యాష్‌బోర్డులో హై బీమ్ నీలం దీపం గుండా కూడా ఇట్లాంటి దొంగ కరెంటు వస్తుంది, దానికి మీటరు మోసపోతుంది గాని 21 వాట్ల బల్బు వెలగదు.

రెండూ ఊడదీసినాక డిమ్ వేసి, సాకెట్ కాళ్ళు రెండేసి చొప్పున తాకించండి. ఏ జంట మధ్య బల్బు వెలిగిందో గుర్తు పెట్టుకోండి. తర్వాత హై బీమ్ వేసి మళ్ళీ చూడండి. రెండు జంటల్లోనూ వున్న కాలు ఉమ్మడిది. రెండోసారి దాంతో పాటు వెలిగించింది హై బీమ్‌ది.

ఒక మాట. కొత్త బండ్లలో, ముఖ్యంగా హెడ్‌లైట్లే ఎల్‌ఈడీలు అయినవాటిలో, లైట్లను కంప్యూటరు నడిపిస్తుంది. అక్కడ ఈ పద్ధతి పెట్టుకోవద్దు. వైరు కోస్తే వారంటీ పోవచ్చు, సర్వీస్ సెంటరులో అడిగి చేయించుకోండి. నేను చెబుతున్నది మామూలు బల్బు, మామూలు స్విచ్ వున్న బండ్ల సంగతి.

వైరు, ఫ్యూజు, ఎర్త్

సిగ్నల్ వైరుకు 1 చదరపు మిల్లీమీటరు చాలు. కరెంటు మోసే వైరుకు 2.5 వేయండి, బండ్లకు వాడే సన్న తీగల పోగు వైరు. ఇంటి గోడలో వేసే ఒంటి తీగ వైరు కుదుపులకు లోపలే తెగుతుంది, పైకి కనబడదు.

మందం ఎందుకంటే, దూరం చేనులో మోటారుకు సన్న కేబులు లాగితే ఏమవుతుందో మనకు తెలుసు కదా. ఇక్కడా అదే. మా పాత వైరింగ్‌లో ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు వుంటే లైటు దగ్గరకు వచ్చేసరికి 12.1. ఆ 1.7 వోల్టులు వైరులో, స్విచ్‌లో వేడి అయిపోతున్నాయి. చిన్న తేడానే అనిపిస్తుంది. కానీ హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పడిపోతుంది. అంటే నేను డబ్బు పెట్టి కొన్న వెలుగులో మూడో వంతు డ్యాష్‌బోర్డు కింద వేడెక్కడానికే పోయింది. ఇప్పుడు లైటు దగ్గర 13.4 వస్తోంది. అవే లైట్లు, అవే బల్బులు. కొత్త లైట్లు కొనే ముందు పాత వైరు చూసుకోండి.

ఫ్యూజు 15 ఆంపియర్లది, బ్యాటరీ నుంచి జానెడు లోపల. లైటు దగ్గర పెడితే లాభం లేదు. ఫ్యూజు కాపాడేది వైరును, బల్బును కాదు. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య వైరు ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే ఆపేవాడు లేడు, అందుకే ఆ ముక్క ఎంత పొట్టిగా వుంటే అంత మంచిది. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ లగ్గు విప్పేయండి, టెస్ట్ చేసేటప్పుడు మాత్రం పెట్టుకోండి.

ఎర్త్ కోసం బంపరు బోల్టు కింద వైరు దోపేస్తారు. రంగు మీద, తుప్పు మీద ఎర్త్ నిలవదు. ఛాసిస్ మీద గీకి, ఇనుము మెరిసేదాకా గీకి, లగ్గు బిగించి, పైన గ్రీసు పూయండి. నేనైతే మైనస్ వైరు కూడా బ్యాటరీ దాకా లాగా. రెండు మీటర్ల వైరు ఖర్చు, అంతే.

హెడ్‌లైటు వైరును చెక్కి, చుట్టి, టేపు వేయకండి. మన ఎండకు ఆ టేపు జిగురు కారిపోతుంది. వైరును కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు కూడా వద్దు, వాన నీళ్ళు దిగి లోపల రాగి పచ్చబడుతుంది. హెచ్4 మేల్, ఫిమేల్ హోల్డర్లు రెండూ దొరుకుతాయి. ఆ రెండింటినీ పొట్టి వైర్లతో కలిపి, మధ్యలోంచి మనకు కావాల్సిన రెండు వైర్లు తీసుకుంటే కంపెనీ వైరుకు కత్తి పెట్టే పనే లేదు. బండి అమ్మేటప్పుడు ఊడబీకేయొచ్చు.

డ్యాష్‌బోర్డు స్విచ్ పూర్తిగా తీసేయక్కర్లేదు. దాన్ని హై బీమ్ నుంచి కాయిల్‌కు పోయే సన్న వైరు మధ్యలో పెట్టండి. అప్పుడు ఆ స్విచ్‌తో లైట్లు వద్దనుకోవచ్చు గాని, హై బీమ్ లేకుండా వెలిగించలేరు. డిసెంబరులో హార్సిలీ కొండల వైపు మంచు దిగినప్పుడు ఇది పనికొస్తుంది, మంచులో హై బీమ్ ఎంత ఎక్కువైతే ఎదుట అంత తెల్ల గోడ. మంచుకు వాడే ఫాగ్ లైట్లు వేరు, కిందకు వెడల్పుగా కొట్టేవి, వాటిని హై బీమ్‌కు కలపకూడదు.

24 వోల్టుల లారీ వున్నవాళ్ళు కూడా అడిగారు. పద్ధతి అదే, రిలే, బల్బులు మాత్రం 24 వోల్టులవే తీసుకోవాలి. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు లాక్కుని చవక లైట్లు వెలిగించే పని చేయకండి, బ్యాటరీలు రెండూ సమానంగా ఎక్కక త్వరగా చెడిపోతాయి.

సరుకుతోనే గురి

కలపడం అయిపోయినాక గురి చూసుకోవాలి. ఇది సరుకు ఎత్తినాకే చేయాలి. ఖాళీ బండితో గురి పెట్టి, తర్వాత క్రేట్లు ఎత్తితే వెనక కుంగి ముక్కు పైకి లేస్తుంది, లైటు చెట్ల కొమ్మలకు కొడుతుంది. చదునైన చోట గోడకు 25 అడుగుల దూరంలో బండి ఆపండి. నేల నుంచి లైటు మధ్యకు ఎంత ఎత్తుందో కొలిచి గోడ మీద సుద్దతో గీయండి. ఎక్కువ వెలుగు పడే చోటు ఆ గీతకు ఒకటి రెండు అంగుళాలు కిందే వుండాలి, పైన కాదు. లైట్లు బంపరు మీదే పెట్టండి. క్యాబిన్ పైన పెడితే బానెట్ మీద పడిన వెలుగు మన కళ్ళకే తిరిగి కొడుతుంది.

చట్టం సంగతి కూడా వినండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వ నియమం ముందు లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళకు కొట్టకుండా కిందకు దించగలిగేలా వుండాలంటుంది. 111వ నియమం ప్రకారం ముందు వైపు స్పాట్ లైటు, సెర్చ్ లైటు పెట్టకూడదు, తప్పనిసరి అయితే రిజిస్ట్రేషన్ అధికారి ముందస్తు అనుమతి వుండాలి. కాబట్టి లైట్లు కొనక ముందే మీ ఆర్టీవో ఆఫీసులో అడగండి. నేను ఇప్పుడు వీటిని మా మట్టి బాటలోనే వాడుతున్నా. తారు రోడ్డు ఎక్కగానే డ్యాష్‌బోర్డు స్విచ్ ఆపి, పైన తొడుగులు వేసేస్తా.

అంతా బిగించినాక రాత్రి ఒక పరీక్ష చేశాం. నా కొడుకును స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి, నేను టూవీలర్ వేసుకుని మట్టి బాటలో ఎదురుగా వచ్చా. హై బీమ్ పడగానే నిజంగానే ఏమీ కనబడలేదు, బాట ఏది, గట్టు ఏది తెలియలేదు, కాలు కింద పెట్టేశా. వాడు కాడ లాగాడు. నాలుగు లైట్లూ ఒక్కసారిగా దిగిపోయాయి. రిలే టక్ అన్న చప్పుడు ఆ చీకట్లో నా దాకా వినిపించింది.

పోయిన వానాకాలం తర్వాత విప్పి చూస్తే ఫ్యూజు హోల్డరులో పచ్చగా పాకురు పట్టి వుంది, మూత రబ్బరు చీలింది. కొత్తది 40 రూపాయలు. దాన్ని మార్చిన ముక్క కూడా వీడియో చివర్లో పెట్టాను. మీ బండి సాకెట్‌లో వైర్లు తేడాగా కనబడితే టెస్ట్ ల్యాంపుతో చూసిన జంటలు కాగితం మీద రాసుకుని ఫోన్ చేయండి, సాయంత్రం ఏడు దాటినాక అయితే చేనులో వుండను.